మార్చి 24న శుభాకాంక్షలు చెప్పకు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

ఫిబ్రవరి చివర్లో బ్యూనస్ ఐరిస్‌లో ఉద్యోగంలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. అంటే నెల తిరగకముందే నీకు మార్చి 24 సెలవు వస్తుంది. అర్జెంటీనాలో మిగతా సెలవుల సంగతి నీకే తెలిసిపోతుంది. ఈ ఒక్కదాని గురించి మాత్రం ముందే తెలుసుకుని వెళ్ళు.

ఆ రోజు ఎవరికీ శుభాకాంక్షలు పంపకు. క్యాలెండరులో ఎర్ర అంకె కనబడగానే ఫోనులో పూల బొమ్మ పంపే అలవాటు మన ఇంట్లో అందరికీ ఉంది, నీకు మరీను. 1976లో అదే తేదీన సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. 1983 డిసెంబరు దాకా సాగిన ఆ పాలనలో వేలమందిని ఇళ్ళలోంచి, వీధుల్లోంచి ఎత్తుకుపోయారు. మత్తుమందు ఇచ్చి విమానాల్లోంచి నీళ్ళలోకి తోసేసినవాళ్ళూ ఉన్నారు. చాలా కుటుంబాలకు కర్మ చేయడానికి శవం కూడా దక్కలేదు.

ఎంతమంది అన్న చర్చలోకి దిగకు. 1984లో అధికారిక విచారణ సంఘం 8,961 మందిని నమోదు చేసింది, మానవ హక్కుల సంఘాలు 30,000 అంటాయి. ఈ తేడా మీద అక్కడ రాజకీయ పక్షాలు ఇప్పటికీ తగువు పడతాయి. చంపినవాళ్ళే కాగితాలు మాయం చేస్తే లెక్క ఎలా తేలుతుందన్నది నా ప్రశ్న. అయినా ఒకరి ఇంట భోజనానికి వెళ్ళి ఆ తగువు నువ్వు తీర్చనక్కరలేదు. అడగందే మన ఎమర్జెన్సీతో పోలికలు కూడా తేకు.

మరొకటి. యాభైకి కాస్త అటూ ఇటూగా ఉన్నవాళ్ళను "మీది అమ్మ పోలికా, నాన్న పోలికా" అని సరదాకు కూడా అడగకు. నిర్బంధంలో పుట్టిన పసిపిల్లలను అప్పట్లో వేరే ఇళ్ళకు ఇచ్చేశారు. వాళ్ళ అమ్మమ్మలు, నాయనమ్మలు దశాబ్దాలు వెతికి, 140 మంది దాకా ఆచూకీ తేల్చారు. తేలనివాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ మధ్యాహ్నం నగరం నడిబొడ్డున ఉన్న ప్లాసా దె మాయో అనే చౌకుకు వెళ్ళు. మధ్యలో ఉన్న స్తంభం చుట్టూ నేల మీద తెల్లటి తలగుడ్డల బొమ్మలు కనిపిస్తాయి. అవి మాయమైనవాళ్ళ తల్లుల గుర్తు. 1977 ఏప్రిల్ 30న బిడ్డల కోసం కొందరు తల్లులు అక్కడ చేరారు. గుంపుగా నిలబడకూడదని పోలీసులు అంటే, సరేనని నడవడం మొదలుపెట్టారు. ప్రతి గురువారం ఆ తల్లులు అక్కడ చేసే నడక అలా పుట్టింది. పోయినవాళ్ళ ఫొటోలు అచ్చువేసిన పొడవాటి గుడ్డను జనం మోసుకొస్తారు. అది వస్తుంటే పక్కకు జరిగి దారివ్వు. ఏడుస్తున్నవాళ్ళ ముఖం మీద కెమెరా పెట్టకు.

ఆ చౌకు అంచునే కెథీడ్రల్ ఉంది. 1817లో ఆండీస్ దాటి చిలీని, ఆ తర్వాత పెరూను స్పెయిన్ నుంచి విడిపించడానికి సేనను నడిపిన హొసే దె సాన్ మార్తీన్ సమాధి అందులోనే. ఆయన 1850 ఆగస్టు 17న ఫ్రాన్స్‌లో పోయారు. మనం గాంధీ జయంతికి సెలవిస్తాం, వాళ్ళు ఈయన వర్ధంతికి ఇస్తారు. అది వారం మధ్యలో పడితే సోమవారానికి జరుపుతారు, జనం హాయిగా ఊళ్ళకు పోతారు, ఎవరూ తప్పుపట్టరు. మార్చి 24 సెలవును కూడా అలా వేరే రోజుకు మార్చవచ్చని 2017లో ప్రభుత్వం ఉత్తర్వు తెస్తే మాత్రం పెద్ద గొడవైంది. కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. తగ్గడమే న్యాయం.

ఆగస్టు సెలవుకు నువ్వూ ఊరెళ్ళు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ నెలలోనే ఒక మామూలు రోజు చూసుకుని, లిబెర్తదోర్ అవెన్యూలో ఉన్న పాత నౌకాదళ పాఠశాలకు వెళ్ళు. లిబెర్తదోర్ అంటే విమోచకుడు, ఆ రోడ్డుకు సాన్ మార్తీన్ బిరుదే పెట్టారు. 1829లో స్వదేశానికి ఓడలో వచ్చి, తనవాళ్ళు తమలో తామే చంపుకుంటున్నారని తెలిసి బ్యూనస్ ఐరిస్‌లో కాలు పెట్టకుండానే వెనుదిరిగిన మనిషి ఆయన. ఆయన బిరుదున్న రోడ్డు పక్కనే, ఆ పాఠశాలలో, సైనిక పాలన కాలంలో సుమారు 5,000 మందిని బంధించారు. ప్రాణాలతో బయటపడింది కొద్దిమంది. ఇప్పుడది స్మారక మ్యూజియం, 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఖైదీలను ముసుగులు తొడిగి పడుకోబెట్టిన అటక దాకా ఎక్కు. ఉన్నికోటు వేసుకో, ఆగస్టు అక్కడ చలికాలం. ఆ సాయంత్రానికి వేరే పనేదీ పెట్టుకోకు.

ఇట్లు,
పెదనాన్న