లాటినా పాత్రల మీద రాసేముందు

చెల్లెమ్మకు,

హాలీవుడ్‌లో లాటినా స్త్రీల (లాటిన్ అమెరికా మూలాలున్న ఆడవాళ్ల) చిత్రణ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. "అయితే పనిమనిషి, లేదంటే నోరున్న అందగత్తె" అన్న మాట మూడుచోట్ల రాశావు. నిజమే, కానీ ఆ మాట ఎవరైనా అంటారు. ఏ సన్నివేశంలో, ఎలా అన్నది నువ్వు చూపించాలి.

పాతతరం నటీమణులు లూపే వెలెజ్‌నీ, కార్మెన్ మిరాండానీ ఒకే గాటన కట్టేశావు. వెలెజ్ మెక్సికన్. ఆర్‌కేఓ సంస్థ 1939-43 మధ్య తీసిన ఎనిమిది హాస్యచిత్రాల్లో వచ్చీరాని ఇంగ్లీషులో మొగుడి మీద విరుచుకుపడే పెళ్లాం వేషం ఆమెది. మిరాండా పోర్చుగల్‌లో పుట్టి బ్రెజిల్‌లో పెరిగింది, ఆమె భాష పోర్చుగీసు. ఎవరిది ఏ దేశమో, ఏ భాషో మొదటి ప్రస్తావనలోనే చెప్పేయి.

1961 నాటి 'వెస్ట్ సైడ్ స్టోరీ' సినిమా దగ్గర కాస్త ఆగు. ప్యూర్టోరికో పిల్ల మరియాగా వేసింది రష్యా నుంచి వలసొచ్చిన వాళ్ల కూతురు నటాలీ వుడ్. ప్యూర్టోరికోలోనే పుట్టిన రీటా మొరేనో అనీటాగా వేసి ఆస్కార్ గెలిచింది. అలాంటి మొరేనో ముఖానికీ ముదురు రంగు పులిమారు! ఆ మేకప్ గురించి నాలుగు వాక్యాలు రాస్తే, 'వివక్ష' అన్న మాట వాడే పనే ఉండదు.

సీరియళ్ల గురించైతే ఒక్క ఎపిసోడ్ తీసుకుని రెండుసార్లు చూడు. రెండోసారి కాగితం మీద గళ్లు గీసుకో: మాట ఎవరిది, ఏ భాషలో, నిర్ణయం ఎవరిది, నవ్వు యాస మీదా లేక ఆమె అన్న మాట మీదా. 'మోడర్న్ ఫ్యామిలీ'లో కొలంబియా నుంచి వచ్చిన గ్లోరియాకు ఆ చివరి గడి చాలా ముఖ్యం. యాసను చూసి నవ్వించే చోట్లూ, వాదనలో ఆమె నెగ్గే చోట్లూ రెండూ ఉంటాయి. నువ్వు మొదటివే ఏరుకున్నావు. 'జేన్ ద వర్జిన్'లో అమ్మమ్మ ఆల్బా స్పానిష్‌లో అడుగుతుంది, జేన్ ఇంగ్లీషులో జవాబిస్తుంది, కింద సబ్‌టైటిల్ పడుతుంది. ఎందుకలా అని ఎవరూ వివరించరు. డాలస్‌లో మన తెలుగిళ్లలో జరిగేదీ అదేగా.

పనిమనిషి పాత్ర అంటేనే అవమానమన్నావు. మెక్సికో సినిమా 'రోమా' (2018) మొదటి షాట్ మళ్లీ చూడు. గచ్చు మీద సబ్బునీళ్లు పారుతుంటాయి, ఆ నీళ్లలో పైనెగిరే విమానం కనిపిస్తుంది. తర్వాత కెమెరా పనిమనిషి క్లియో వెంటే ఇల్లంతా తిరుగుతుంది. పాత్ర చేసే పనిలో తప్పు లేదు. యజమాని పిలిచినప్పుడు మాత్రమే ఆమె తెర మీదికొస్తే, అప్పుడు తప్పుపట్టు.

2020 జనగణన ప్రకారం అమెరికాలో లాటినోలు దాదాపు 19 శాతం. ఆ అంకెలో మగవాళ్లూ ఉన్నారు. దాన్ని తెచ్చి నాయిక పాత్రల లెక్క పక్కన పెడితే పోలిక నిలవదు. తీసెయ్యి.

అమెరికన్ సీరియల్ 'అగ్లీ బెట్టీ'కి మూలం కొలంబియా సీరియల్ అన్న సంగతి వదిలేశావు. 2003లో హిందీలో వచ్చిన 'జస్సీ జైసీ కోయీ నహీఁ' కూడా ఆ కొలంబియా సీరియల్ నుంచి పుట్టిందే. జస్సీ మనవాళ్లలో చాలామందికి తెలుసు. వ్యాసం అక్కడ మొదలుపెట్టి తిరగరాసి పంపు.

మీ అక్క