స్వాహా సరే, ఎవరికి?

సందేహం: మాది గుంటూరు బ్రాడీపేట. పౌరోహిత్యం చేస్తాను. ఈమధ్య ఒక గృహప్రవేశంలో హోమం చేయిస్తుంటే, నేను ‘స్వాహా’ అన్నప్పుడల్లా ఆ ఇంటి కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఏమిట్రా అంటే ‘ఎన్ని కోట్లు తాతగారూ?’ అన్నాడు. పేపర్లో రోజూ ‘నిధులు స్వాహా’ అని చూస్తున్నాడట. మంత్రంలోని మాటను దోపిడీకి వాడటం తప్పు కాదా? కొందరు ‘స్వాహ’ అని కూడా రాస్తున్నారు. ఏది సరైనది?

సమాధానం: కుర్రాణ్ణి ఏమీ అనకండి. స్వాహా మింగుడు మాటగా మారింది పేపర్లవాళ్ల వల్ల కాదు, మన విస్తరి దగ్గరే. ఔపోసన పట్టి, ‘ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా’ అంటూ నాలుగేసి మెతుకులు పంటికి తగలకుండా మింగడం మీకు నేను చెప్పాలా! ఎదురుగా కూర్చున్న పిల్లలకు మంత్రం అర్థం కాదు, మింగడం మాత్రం కనిపిస్తుంది. ‘గుటకాయ స్వాహా’ అక్కడ పుట్టిందనే నా ఊహ. పైగా మన భాషలో అవినీతి అంతా తిండి లెక్కే. తిన్నాడు, మెక్కాడు, బొక్కాడు, దిగమింగాడు. మరీ సిగ్గు విడిచినవాణ్ణి ‘గడ్డి తిన్నాడు’ అంటాం. బీహార్‌లో పశువుల దాణా పేరు చెప్పి ఖజానా ఊడ్చేసిన సంగతి 1996లో బయటపడ్డప్పుడు, ఆ వార్తకు హెడ్డింగు వెతుక్కోవాల్సిన అవసరం తెలుగువాడికి లేదు.

కాబట్టి వాడుక తప్పు కాదు. నా పేచీ వేరే ఉంది.

నమః, స్వస్తి, స్వాహా, స్వధా లాంటి మాటలు వస్తే వాటి పక్కపదానికి చతుర్థీ విభక్తి రావాలని పాణిని సూత్రం (2.3.16). ‘కొఱకున్, కై’ అని మనం బడిలో వల్లించిందే. అగ్నయే స్వాహా అంటే అగ్నికై. ఇంద్రాయ స్వాహా అంటే ఇంద్రుడికై. ముట్టేది ఎవరికో చెప్పకుండా మీరు ఒక్క చెంచా నెయ్యి కూడా వేయించరు. మరి పేపర్లో? ‘కోట్లు స్వాహా’. ఎవరికై? చతుర్థి గల్లంతు.

మొన్న బెజవాడ బీసెంట్ రోడ్డులో టీ తాగుతూ పేపరు తిరగేస్తే, ఒకే పేజీలో ‘నిధులు స్వాహా’, ‘ఇసుక మాయం’, ‘దారి మళ్లిన రేషన్ బియ్యం’. మూడింట్లోనూ కర్త లేడు. బియ్యం పాపం గోడౌన్‌కి పోదామనే బయల్దేరి, దారి తెలియక ఎటో పోయినట్టుంది. మళ్లు అకర్మకం, మళ్లించు సకర్మకం. ఆ ‘ఇంచు’ ఒక్కటి చేరిస్తే చాలు, మళ్లించినవాడెవడు అన్న ప్రశ్న వస్తుంది. కేసు తేలకుండా పేరు రాస్తే పరువునష్టం దావా తప్పదని సబ్ ఎడిటర్ల టెన్షన్. అదీ నిజమే. పేరు రాయలేకపోతే మానె, కనీసం ‘స్వాహా చేశారు’ అని క్రియ అయినా పూర్తిచేయొచ్చు కదా.

హోమంలో ఇంకో మాట ఉంది. ఆహుతి వేశాక యజమాని చేత ‘ఇదం న మమ’ అనిపిస్తారు. ఇది నాది కాదు అని. ఆ ముక్క మాత్రం మన నాయకులకు కంఠతా వచ్చు. యజమాని ఇచ్చేటప్పుడు అంటాడు, వీళ్లు పుచ్చుకుని, ఎంక్వైరీలో అంటారు. ఆ తోట నాది కాదు, ఆ కంపెనీ నాది కాదు, డ్రైవర్ పేరు మీదున్న ఆ స్థలం అసలే నాది కాదు. దీనికి పారశీకం నుంచి వచ్చిన మాట బినామీ. బే అంటే లేని, నామ్ అంటే పేరు. 1988లో దాని మీద చట్టమే వచ్చింది.

ఇక స్వాహ, స్వాహా సంగతి. సీతా, రమా లాంటి సంస్కృత స్త్రీలింగ పదాలు తెలుగులోకి వస్తే సీత, రమ అని చివర పొట్టివవుతాయి. ఆ లెక్కన అగ్నిదేవుడి భార్యను స్వాహ అన్నా చెల్లుతుంది. మంత్రంలోని మాట అవ్యయం, అంటే ఎక్కడా రూపం మారని మాట. దాని దీర్ఘం పోకూడదు. ‘స్వాహ’ అని అచ్చయినచోట, ఆ దీర్ఘాన్ని కూడా ఎవరో మింగేశారనుకోండి.