బంగారం అసలుదే, నాణెమే నకిలీ: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: పద్నాలుగు నెలల క్రితం ఒక నాణేల వ్యాపారి దగ్గర సముద్రగుప్తుని అశ్వమేధ నాణెం 3 లక్షల 80 వేల రూపాయలకు కొన్నాను. 3 లక్షలు బ్యాంకు ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చాను. బిల్లులో ‘పాత బంగారు నాణెం, 7.8 గ్రాములు’ అని మాత్రమే ఉంది. ‘సముద్రగుప్తుడిది, వంద శాతం ఒరిజినల్’ అన్న మాట వాట్సాప్‌లో ఉంది. ఈమధ్య నాణేలు సేకరించే మిత్రుడొకరు చూసి, ఇది పోత పోసిన నకిలీ అన్నారు. వ్యాపారిని అడిగితే ‘ఏ కంసాలి దగ్గరైనా గీటు పెట్టించుకో, బంగారం కాదంటే అడుగు’ అంటున్నాడు. దొంగ నాణేల కేసు పెట్టొచ్చా? ఒకవేళ ఇది అసలుదే అయితే, ఇంట్లో ఉంచుకున్నందుకు నా మీదే కేసు వస్తుందేమోనని మరో టెన్షన్. పెట్టుబడిగా ఉంటుందని కొన్నాను, ఇప్పుడు ఎవరికైనా అమ్మేయవచ్చా?

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. పాత నాణెం ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. కానీ తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని నోటిఫై చేసిన వాటిలో విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు ఉన్నాయి తప్ప నాణేలు లేవు. దేశం దాటించడం మాత్రం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. పొలంలోనో పాత గోడలోనో దొరికినదైతే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. మీది కొన్నది కాబట్టి ఆ గొడవ లేదు.

ఇక వ్యాపారి వాదన. తెలివైనదే, కానీ నిలవదు. గీటురాయి చెప్పేది లోహం సంగతి. ఆ నాణేన్ని ఎవరు, ఎప్పుడు ముద్రించారో చెప్పదు. మీకు కావలసింది 7.8 గ్రాముల బంగారమే అయితే నగల షాపులో కొనుక్కునేవారు. మీరు డబ్బు పెట్టింది గుర్రానికీ, దాని ముందున్న యూపస్తంభానికీ (యాగ పశువును కట్టే కంబం), వెనకవైపు వింజామర పట్టుకుని నిలబడ్డ రాణికీ, ‘అశ్వమేధ పరాక్రమః’ అన్న బ్రాహ్మీ అక్షరాలకూ. ఫలానాదని వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ అంటుంది. తెలిసి అబద్ధం చెప్పి ఒప్పిస్తే 1872 కాంట్రాక్టు చట్టం 17, 19 సెక్షన్ల కింద ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు మీది. అయితే నకిలీ అని తెలిశాక కూడా నెలల తరబడి ఊరుకుంటే, మీరు ఒప్పుకున్నట్టే అని ఎదుటి లాయరు వాదిస్తాడు.

మీరు పంపిన ఫొటోలు చూశాను. నేను నాణేల నిపుణుణ్ణి కాను, కానీ ఇలాంటి ఫైళ్లు చూసీ చూసీ కొంత కన్ను అలవాటైంది. గుప్తుల కాలంలో బిళ్ళను అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుకే అసలు నాణేల్లో బొమ్మ తరచు ఒక పక్కకు జరిగి, అంచున కొన్ని అక్షరాలు తెగిపోయి ఉంటాయి. మీ దానిలో చుట్టూ అక్షరాలు గీసినట్టు కుదిరాయి. అదొక్కటే రుజువు కాదు, బాగా కుదిరినవీ ఉంటాయి. నన్ను ఆపింది వేరే: గుర్రం పొట్ట కింద సూదిమొనంత గుంట. అదే వ్యాపారి అమ్మకానికి పెట్టిన మరో ‘అశ్వమేధ’ నాణెం స్క్రీన్‌షాట్ కూడా మీరు పంపారు కదా, పెద్దది చేసి చూడండి. అదే చోట, అదే గుంట. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలకు బొమ్మ కలవచ్చు. కానీ వాడకంలో పడిన దెబ్బలూ గుంటలూ కలవవు. కలిశాయంటే రెండూ ఒకే మూసలోంచి వచ్చాయని అనుమానించాలి. తూకం సరిపోయిందని అతను గట్టిగా చెప్పడం కూడా పట్టించుకోకండి. సముద్రగుప్తుని నాణేలు సుమారు అంత బరువే అని పుస్తకాల్లో ఉంది, నకిలీ చేసేవాడు కూడా ఆ పుస్తకాలు చదువుతాడు.

దొంగ నాణేల సెక్షన్ ఇక్కడ పనికిరాదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నాణెం అంటే 2011 నాణేల చట్టం చెప్పే, చెల్లుబాటయ్యే నాణెమే. సముద్రగుప్తుని నాణెంతో ఇవాళ ఎవరూ బజారు చేయరు కదా. మీకు వర్తించేది మోసం, అంటే అదే సంహితలోని 318(4) సెక్షన్, ఏడేళ్ల దాకా శిక్ష. కానీ అమ్మేనాటికే అతనికి మోసపు ఉద్దేశం ఉందని చూపించాలి. ‘నేనూ మోసపోయాను సార్’ అంటే పోలీసు స్టేషన్‌లో కేసు నీరుగారుతుంది. అక్కడే ఆ రెండో నాణెం మీకు ప్రాణం: ఒకే మూసలోవి రెండు అమ్మకానికి పెట్టినవాడు తెలియదనడం కష్టం.

ముందు లాయరు చేత వ్యాపారికి నోటీసు పంపించండి. అందులో ఒక ప్రశ్న తప్పక పెట్టించండి: పురావస్తువుల వ్యాపారానికి మీకు లైసెన్సు ఉందా? 1972 చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఉండి తీరాలి. లైసెన్సు లేదని జవాబిస్తే, అసలు నాణేలే అమ్ముతున్నాననే మనిషి లైసెన్సు లేకుండా వ్యాపారం చేస్తున్నట్టు. అవి పురావస్తువులు కావు, లైసెన్సు అక్కర్లేదు అంటే, నకిలీ అని తానే ఒప్పుకున్నట్టు. ఈ ప్రశ్న చదివాక చాలామంది రాజీకి ఫోన్ చేస్తారు.

డబ్బు కోసం వినియోగదారుల కమిషన్ మంచి దారి. కొన్న రోజు నుంచి రెండేళ్ల గడువు, మీకు ఇంకా పది నెలలుంది. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు, నాణేన్ని పరీక్షకు పంపమని అక్కడే కోరవచ్చు. ఒక్క చిక్కు ఉంది: మీ ‘పెట్టుబడి’ మాట. తిరిగి అమ్మడానికి కొన్నవాడు చట్టం దృష్టిలో వినియోగదారుడు కాడు. ఒకే నాణెం కొని పద్నాలుగు నెలలు బీరువాలో పెట్టుకున్నవాణ్ణి వ్యాపారి అనడం కష్టమే. కానీ ‘లాభానికి అమ్ముతాను’ అని వాట్సాప్‌లో మీరే రాసి ఉంటే దాచకండి, మీ లాయరుకు చూపించండి. అప్పుడు సివిల్ కోర్టే మేలు.

బిల్లు బలహీనంగా ఉంది కాబట్టి మీ కేసంతా ఫోన్‌లోనే ఉంది. ఆ చాట్ కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయాలి. ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు తుడవకండి.

నాణేన్ని అమ్మొద్దు. నకిలీ అని తెలిసి అసలుదని అమ్మితే 318 మీ మీదికి వస్తుంది. గీటు పెట్టించొద్దు, చింతపండుతో తోమొద్దు, కోపంలో కరిగించొద్దు. కవర్లో పెట్టి సీలు వేయండి. అతని పేజీలో ఆ రెండో నాణెం ఫొటోను తేదీ, లింకు కనిపించేలా ఈ రాత్రికే మళ్ళీ తీసి పెట్టుకోండి. నోటీసు అందిన మర్నాడు అది అక్కడ ఉండదు.