చిన్నీ, టైల్స్ సంగతి తర్వాత, ముందు తూము వెతికించు

చిరంజీవి చిన్నీకి పెద్దత్త ఆశీర్వదించి రాయునది.

ఊళ్లో ఇల్లు బాగు చేయించబోతున్నావని, హైదరాబాద్‌లో ఎవరో ఇంటీరియర్ డిజైనర్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చేశావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ డిజైనర్ గీసిచ్చిన బొమ్మలన్నీ వాట్సాప్‌లో పంపించాడు కూడా. రాత్రి నాకు నిద్ర పట్టలేదే. ఆ మండువా లోగిలి అమ్మేసి పంచుకుందాం అన్నవాళ్లే గానీ, నిలబెడదాం అన్న మనిషి మన ఇంట్లో ఇన్నాళ్లూ ఒక్కరూ లేరు. నువ్వు అన్నావు. మీ తాతయ్య ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవారు. కానీ ఆ బొమ్మల్లో మండువా మీద అద్దం మూత, పడమటింటి గోడ తీసేసి ఓపెన్ కిచెన్, గోడలకి పుట్టీ, పైన ఫాల్స్ సీలింగ్ చూసేసరికి గుండె గుభేలుమంది. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావు, అందుకని రాస్తున్నాను. విసుక్కోకుండా చదువు.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. కొయ్య బద్దీల మీద పాకిన ఆ పాత వైర్లలో ఒక్కటి కూడా ఉంచకు, మొత్తం కొత్తగా లాగించు, ఎర్తింగ్ గుంట తవ్వించు, షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించు, ఏసీలు ఎన్నో ముందే అనుకుని కరెంటాఫీసులో లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టు. చెదల మందు నేల పనికి ముందే కొట్టించు, నేలా గోడా కలిసే చోట అడుగడుక్కీ రంధ్రం వేసి పోస్తారు. మేస్త్రీకి రోజు కూలీయో గుత్తో కాగితం మీద రాసుకో. చదరపు అడుగుకి ఇంత అని ఎవరు చెప్పినా తలూపకు, పాత ఇల్లు విప్పితే గానీ లోపల ఏముందో తెలీదు. అనుకున్న డబ్బులో నాలుగో వంతు మీ ఆయనకి కూడా చెప్పకుండా పక్కన పెట్టుకో.

ఇంకొకటి, ఇది డబ్బు పెట్టకముందే తేలాలి. ఇల్లు ఇంకా మీ తాతయ్య పేరునే ఉంది. ఆయన వీలునామా రాయలేదు కాబట్టి మీ నాన్నతో పాటు నాకూ, మీ చిన్నత్తకీ వాటా ఉంటుంది. నాకేం అక్కర్లేదు, చెప్పిన రోజున రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చి సంతకం పెడతాను, ఒక మంచి మంగళగిరి చీర పెట్టు చాలు. కానీ నోటిమాట మీద మాత్రం వదిలెయ్యకు. హక్కు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించు. చిన్నత్త డాలస్‌లో ఉంది, దాని కాగితాలు కాన్సులేట్ దాకా వెళ్లి రావాలి, ఆలస్యం అవుతుంది, ఈ వారమే దానికి ఫోన్ చెయ్యి. అందరూ బాగున్నప్పుడే ఈ పనులు అయిపోవాలి. రేపు నీ ఇల్లు అందంగా తయారయ్యాక ఎవరి పిల్లలకి ఏ బుద్ధి పుడుతుందో, మా పిల్లల సంగతి కూడా నేను హామీ ఇవ్వలేను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బొమ్మల్లో సోఫా రంగు ఉంది, దీపాలున్నాయి, గోడ మీద ఏనుగు బొమ్మ కూడా ఉంది. మండువాలో పడ్డ వాన నీళ్లు ఎటు పోతాయో మాత్రం ఎక్కడా లేదు. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది చూడు, ఇంటి మీద పడ్డ వానలో సగం ఆ మండువాలోకే దిగుతుంది. ఆ నీళ్ల కోసం మన ముత్తాతలు దక్షిణపు వసారా కింద నుంచి పెరట్లోకి రాతి తూము కట్టించారు. అడుగు వెడల్పు ఉండేది. చిన్నప్పుడు మేము మండువాలో కాగితం పడవలు వదిలి, పెరట్లోకి పరిగెత్తి, జామచెట్టు దగ్గర అవి బయటికొస్తాయా లేదా అని కూర్చునేవాళ్లం. మీ నాన్న పడవ ఎప్పుడూ లోపలే ఇరుక్కుపోయేది, ఏడిచేవాడు.

ఆ తూము మీ తాతయ్య మూయించారు. 1986 ఆగస్టు గోదావరి వరదకి ఇంట్లోకి బురద వచ్చి పాత గచ్చు అంతా పాడైపోయింది. చిన్నత్త పెళ్లికి ముందు ఇల్లంతా మొజాయిక్ చేయించాలనుకున్నారు. పట్నం నుంచి వచ్చిన మేస్త్రీ, మండువాలో ఈ పల్లం ఎందుకండీ, కాస్త ఎత్తు చేసేస్తే పెళ్లిలో బంతికి ఇంకో వరస పడుతుంది అన్నాడు. మా అమ్మకి తూములోంచి పాములొస్తాయని మొదట్నుంచీ భయం, ఒకసారి నిజంగానే కట్లపాము వచ్చింది కూడా. ఇద్దరి మాటా కలిసింది. పల్లం సగానికి పూడ్చారు, తూము నోటికి రాయి అడ్డం పెట్టి మొజాయిక్ పోసేశారు, దాని బదులు మూడంగుళాల గొట్టం ఒకటి వేశారు. పెళ్లికొచ్చినవాళ్లంతా మొజాయిక్‌ని మెచ్చుకున్నారు. తర్వాత మామూలు వానలకి ఆ గొట్టం బాగానే లాగింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

1996 నవంబరు 6. దీపావళికని నేను పిల్లల్ని తీసుకుని ముందే పుట్టింటికి వచ్చి ఉన్నాను. సాయంత్రం నుంచే గాలి మొదలైంది, చీకటి పడేసరికి పెంకులు ఒక్కొక్కటే లేచి మండువాలో పడి పగులుతున్నాయి. కోనసీమ అంతా కొబ్బరిచెట్లు లక్షల్లో కూలిన రాత్రి అది. మన పెరట్లోవి పడుతుంటే ఇల్లు అదిరేది. కొబ్బరి పీచూ ఆకులూ పెంకు ముక్కలూ అన్నీ పోయి ఆ గొట్టం మూతికి అడ్డం పడ్డాయి. మీ నాన్న చెయ్యి పెట్టి లాగుతాడు, మళ్లీ మూసుకుపోతుంది. నీళ్లు మండువా అంచు దాటి నాలుగు వసారాల్లోకీ వచ్చాయి, నట్టింట్లోకి వచ్చాయి, ధాన్యం గాదె అడుగు నానింది. మీ తాతయ్య గునపం తీసుకుని లాంతరు వెలుగులో తూము నోరు ఎక్కడుందో వెతుకుతూ గచ్చు మీద కొడుతున్నారు. నేను ఇక్కడే ఇక్కడే అని చూపిస్తున్నాను, నీళ్లలో గునపం మొజాయిక్ మీద జారిపోతోంది. ఆఖరికి పెరటి గుమ్మం గడప ఊడబెరికారు నీళ్లు బయటికి పోవడానికి. పసుపు రాసిన గడప గునపంతో పెళ్లగిస్తుంటే మా అమ్మ మొహం తిప్పుకుని గోడకి ఆనుకుని ఏడ్చింది. నీకు నాలుగేళ్లు, పందిరిమంచం మీద నా పిల్లల మధ్య నిద్రపోతూనే ఉన్నావు. కరెంటు సాయంత్రమే పోయింది కాబట్టి సరిపోయింది గానీ, ఆ తడి గోడల్లో కరెంటు ఉండి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత కొత్త గడప పెట్టించారు, పక్కన ఇంకో గొట్టం వేయించారు, తూము మాత్రం తెరిపించలేదు. కూతురి పెళ్లికి పోయించిన గచ్చు పగలగొట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. నేనూ మరీ గట్టిగా అనలేకపోయాను, ఆయన మొహం చూస్తే మాట వచ్చేది కాదు.

ఆ రాత్రి నీళ్లు తాగిన గోడే నువ్వు తీసేస్తానంటున్న పడమటింటి గోడ. అది సిమెంటుతో కట్టింది కాదమ్మా, లోపల ఇటుకకీ ఇటుకకీ మధ్య మట్టే, పైన మాత్రమే సున్నం. అటక మీద నుంచి చూస్తే పెద్ద దూలం కొస సరిగ్గా ఆ గోడ మీదే ఆని ఉంటుంది. దూలం కింద నుంచి కిందికి ఒక పగులు ఉంది, తుపాను తర్వాత వచ్చిందే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదు అంటారు గానీ, నువ్వు మాత్రం లెక్కపెట్టు. టార్చి పట్టుకుని అటక ఎక్కు, దూలాల కొసలు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్ గుచ్చి చూడు, మెత్తగా దిగితే అక్కడ పుచ్చిపోయిందని అర్థం. మధ్యలో దూలం ఇనుములా ఉంటుంది, కొసల్లోనే పుచ్చు మొదలవుతుంది. పగులు మీద కాగితం అంటించి తేదీ రాసిపెట్టు, ఒక వానాకాలం తర్వాత చిరిగితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. రాజమండ్రి నుంచో కాకినాడ నుంచో స్ట్రక్చరల్ ఇంజినీర్ని పిలిపించు, డిజైనర్ వేరు, ఆయన వేరు. ఆయన కాగితం మీద రాసిస్తే గానీ ఒక్క ఇటుక కదపకు. ఓపెన్ కిచెన్ మీద అంత మోజుంటే అక్కడ ఒక వెడల్పాటి గుమ్మం పెట్టుకో, అదీ ఆయన సరేనంటేనే.

గోడలకి సిమెంటు పూత, పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ వద్దు. వీధి గదికి సిమెంటు పూయించారు కదా, చూశావుగా, నడుం ఎత్తు దాకా ఏటా ఉప్పు పొంగి పెచ్చులు ఊడతాయి. మన నేలలో నీళ్లు పైనే ఉంటాయి, ఆ చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నమైతే దాన్ని బయటికి వదిలేస్తుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. గానుగ సున్నం తొక్కేవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అంటావు. గానుగ లేకపోయినా సున్నం బాగా నానబెట్టి, ఇసుకా ఇటుకపొడీ కలిపి పూసే పనివాళ్లు వెతికితే దొరుకుతారు. తొందరపెట్టకు, సిమెంటులా ఒక్క రోజులో గట్టిపడదు.

మండువా మీద అద్దం వేస్తే వైశాఖంలో ఆ ఇల్లు కుమ్మరి ఆవమే. వేడి పైకి పోయే దారే అది. కోతుల భయమైతే ఇనుప గ్రిల్ వెయ్యి. వాన జల్లు పడకూడదంటే మూత కప్పుకి రెండడుగులు ఎత్తున, నాలుగు పక్కలా గాలి ఆడేలా పెట్టించు. ఫాల్స్ సీలింగ్ సంగతి అడగనే వద్దు, పెంకుల కింద జిప్సం పెడితే ఏ పెంకు కారుతోందో తెలీదు, ఎలుకలు కాపురం పెడతాయి, వాటి కోసం వచ్చేవి ఏంటో నేను వేరే చెప్పక్కర్లేదు.

వంటింటి అరలకి ఆ అట్టలాంటి పార్టికల్ బోర్డు పెడతారు, మన గాలికి రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుంది. నిలువు పలకలు కడప రాయితో, తలుపులు మాత్రం నీళ్లకి తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్‌తో చేయించు.

మీ నాన్న బాత్రూమ్ గురించి నువ్వు ఆలోచించావని తెలిసి మాత్రం కళ్లు చెమర్చాయి. వాడు మోకాళ్లు నొప్పని ఎవరికీ చెప్పడు, రాత్రిళ్లు దొడ్లోకి వెళ్లాలంటే గోడలు పట్టుకుని నడుస్తున్నాడట, పనమ్మాయి చెప్పింది. ఆ బాత్రూమ్ ఇంటి మధ్యలో వద్దు, ఉత్తరపు వసారా చివర కట్టించు, గొట్టాలు నేరుగా బయటికి పోతాయి. తలుపు వెడల్పు మూడడుగులు ఉండాలి, గడప ఉండకూడదు, జారని టైల్, కమోడ్ పక్కన పట్టుకోడానికి స్టీలు కడ్డీ. టైల్స్ వేయకముందు రెండు రోజులు నీళ్లు కట్టి చూడు, చెమ్మ బయటికొస్తే అప్పుడే బాగు చేయించొచ్చు. సెప్టిక్ ట్యాంకు నూతికి కనీసం యాభై అడుగుల దూరం. మీ నాన్నకి ఇదంతా తన కోసమని చెప్పకు, వద్దంటాడు. వచ్చే చుట్టాల కోసం అని చెప్పు.

పాత కలప కొంటామని ఎవడో ఒకడు వస్తాడు, ద్వారబంధాలకి మంచి రేటు చెప్తాడు. ఒక్క చెక్క కూడా ఇవ్వకు. అటక మీద పెంకుల కుప్ప ఉంది, పగిలిన వాటికి అవే సరిపోవచ్చు. కప్పు పని సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టి మృగశిర కార్తెలోపు మూసెయ్యాలి, డిజైనర్ జూన్ అంటే వినకు.

కానీ అన్నిటికంటే ముందు ఆ తూము. పెరటి వైపు ఇంటి గోడ బయట జామచెట్టు మొదట్లో దాని రాతి నోరు ఇప్పటికీ ఉంది, మట్టి కప్పేసి ఉంటుంది, తీయించు. అందులోంచి పొడుగాటి వెదురుబద్ద లోపలికి తోయించు, ఎక్కడ ఆగితే అంత దూరం కొలిచి లోపల గచ్చు మీద గీత గీయించు. ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు, పాములుంటాయి. తెరిచాక రెండు పక్కలా సన్న కళ్ల ఇనుప జల్లెడ బిగించు, తీసి శుభ్రం చేసుకునేలా ఉండాలి, మా అమ్మ భయపడ్డట్టు పాములూ రావు, నీళ్లూ పోతాయి. ఆ పని పెట్టిన రోజు కారు పంపు, నేను వచ్చి చోటు చూపిస్తాను, మీ మావయ్యనీ లాక్కొస్తాను. ఆ డిజైనర్ అమ్మాయిని కూడా రమ్మను, పాపం చిన్నపిల్ల, తిట్టనులే. పనసపొట్టు కూర వండి పెడతాను.

ఇట్లు,
మీ పెద్దత్త

తా.క.: అడ్వాన్స్ ఎంత ఇచ్చావో మీ నాన్నకి చెప్పలేదట. నాకు చెప్పు.