చేపల తొట్టె పంపుకి ఎక్స్‌టెన్షన్ వైరు: అల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. మూడడుగుల తొట్టె కొన్నావనీ, స్విచ్ బోర్డు దూరమై పంపు వైరు అందడం లేదనీ, ఎక్స్‌టెన్షన్ నువ్వే కట్టుకుంటాననీ రాశావు. కట్టుకో. ఒక్కటి మాత్రం ముందే మనసులో పెట్టుకో. ఈ పనిలో లోడు గురించి బెంగ అక్కర్లేదు, బెంగంతా నీళ్ళ గురించే. లెక్క వేసి చూడు. ఫిల్టరు పంపు 25 వాట్లు, గాలి పంపు 5, ఎల్ఈడీ లైటు 20, చలికాలంలో హీటరు 200. అన్నీ కలిపినా 250 వాట్లు, అంటే 230 వోల్టుల మీద ఒక ఆంపియరు చిల్లర. ఇస్త్రీపెట్టె దీనికి నాలుగింతలు లాగుతుంది. వైరు కాలిపోదు. భయపడాల్సింది వైరు వెంట జారి వచ్చే చుక్కకి.

అందుకే కొట్టుకి వెళ్ళేముందు సాకెట్ల పెట్టె ఎక్కడ బిగిస్తావో తేల్చుకో. తొట్టె కింద అరలో వద్దు, స్టాండు వెనకాల నేల మీద అసలే వద్దు. తొట్టెకి పక్కగా కనీసం ఒక అడుగు జరిగి, తొట్టె అంచు కంటే ఎత్తులో గోడకి స్క్రూలతో బిగించు. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఇక్కడ దాన్నే వాడుకోవాలి. పంపు వైరు తొట్టె అంచు దాటాక నేరుగా సాకెట్టుకి వెళ్ళకూడదు. ముందు ఒక జానెడు కిందికి వేలాడి, అక్కణ్ణించి పైకెక్కి సాకెట్టులో దూరాలి. వైరు వెంట జారిన నీరు ఆ వంపు అడుగుకి చేరి అక్కడే రాలిపోతుంది, ఎదురెక్కి సాకెట్టులోకి పోదు. పంపు, హీటరు, లైటు, ప్రతి వైరుకీ ఈ వంపు ఉండాల్సిందే. ఆ వంపు కింద ఇంకో ప్లగ్గు గానీ, అడాప్టరు గానీ లేకుండా చూసుకో.

ఇక సామాను. మూడు కోర్ల (అంటే తొడుగు లోపల మూడు విడి తీగలున్న) గుండ్రటి ఫ్లెక్సిబుల్ వైరు, 1 స్క్వేర్ ఎం.ఎం., గోడ వెంట కొలిచిన దానికి అరమీటరు కలిపి తీసుకో. మూడు మీటర్లు దాటకుండా ఉంటే మేలు. తొడుగు మీద ఐఎస్ఐ గుర్తూ, ఐ.ఎస్. 694 అన్న ముద్రా ఉండాలి. పాత కొట్లలో ఇంకా పాత సైజుల లెక్కన 23/76, 40/76 అని అడుగుతారు. 40/76 అంటే 1 స్క్వేర్ కంటే కాస్త ఎక్కువే, తీసుకోవచ్చు. 0.75 కూడా ఈ లోడుకి చాలు గానీ, 1 స్క్వేర్ వైరు స్క్రూ కింద గట్టిగా నిలుస్తుంది, లాగినా తట్టుకుంటుంది.

వైరు కొనేముందు చివర ఒక అంగుళం ఒలిపించి పోగులు చూడు. మంచి 1 స్క్వేర్ ఫ్లెక్సిబుల్‌లో 0.2 మిల్లీమీటర్ల సన్న పోగులు 32 ఉంటాయి. ఓపికగా లెక్కపెట్టు. తర్వాత ఒక పోగుని బ్లేడుతో గీకు. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా తేలితే రాగి పూత పూసిన అల్యూమినియం. అది వద్దు. స్క్రూ కింద నలిగి వదులవుతుంది, చెమ్మకి పొడి పొడిగా రాలుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో మరీ త్వరగా పాడవుతుంది.

మిగతావి: ఒక 6 ఆంపియర్ల త్రీ పిన్ ప్లగ్ టాప్, విడివిడి స్విచ్చులున్న నాలుగు 6 ఆంపియర్ల సాకెట్లు, వాటికి సరిపడే పీవీసీ సర్ఫేస్ బాక్సు, వైరు దూరే చోట దాన్ని కదలకుండా పట్టుకునే ఒక పీజీ-11 గ్లాండు, పోగుల కొసలకి తొడిగే చిన్న లోహపు గొట్టాలు, అంటే 1 స్క్వేర్ ఫెర్రూల్స్, ఒక డజను. సాకెట్టుకో స్విచ్చు ఎందుకంటే, నీళ్ళు మార్చేటప్పుడు ముందు హీటరు ఆపాలి. నీటిమట్టం దిగి వేడి గాజు బయటపడితే హీటరు పగులుతుంది.

కట్టడానికి కూర్చున్నాక తొందరపడకు. పై తొడుగు నాలుగు సెంటీమీటర్లు ఒలుచు. లోపలి కోర్లకి బ్లేడు గాటు పడిందేమో వంచి చూడు, పడితే అంతవరకూ కోసేసి మళ్ళీ మొదలెట్టు. గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్తు. ఎర్తు కోరుని మిగతా రెండిటికంటే ఒకటిన్నర సెంటీమీటరు పొడుగు ఉంచు. ఎవరైనా వైరు తన్ని లాగితే ముందు ఫేజు ఊడాలి, ఎర్తు ఆఖర్న ఊడాలి. కొసలు 8 మిల్లీమీటర్లు ఒలిచి, పోగులు మెలిపెట్టి, ఫెర్రూల్ తొడిగి నొక్కు. కొసలకి సీసం మాత్రం పోయకు. గట్టిగా కనిపిస్తుంది గానీ, స్క్రూ ఒత్తిడికి సీసం నెమ్మదిగా అణిగిపోయి కొన్ని నెలలకి పట్టు వదిలేస్తుంది. అక్కడే వేడి పుడుతుంది.

ప్లగ్ టాప్‌లో ఎల్, ఎన్, ఇ అని ముద్రలుంటాయి, వాటి ప్రకారమే బిగించు. లావు పిన్ను ఎర్తు. సాకెట్టుని ఎదురుగా చూస్తే పైన ఎర్తు, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. బాక్సులో ఫేజు ముందు స్విచ్చుకి వెళ్ళి అక్కణ్ణించి సాకెట్టుకి రావాలి. న్యూట్రల్ని స్విచ్చులో వేస్తే, ఆపినప్పుడు పంపు ఆగుతుంది గానీ లోపల ఫేజు అలాగే ఉంటుంది. ఒక స్క్రూ కింద రెండు వైర్లకి మించి పెట్టకు. ప్లగ్గులోని క్లాంపు పై తొడుగుని పట్టుకోవాలి, లోపలి కోర్లని కాదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బాక్సుకి గ్లాండు అడుగు వైపు పెట్టు, పక్కకీ పైకీ వద్దు. బిగించాక వైరు లాగితే ఇసుమంత కూడా జరగకూడదు.

కరెంటు పెట్టక ముందు మల్టీమీటరు తీసుకో. ప్లగ్గు పిన్నుకీ సాకెట్టు రంధ్రానికీ మధ్య, మూడు దారులూ, స్విచ్చు వేసి చూడు. ఒక్కోటి ఒక ఓమ్ లోపే రావాలి. పిన్నుల్లో ఏ రెండిటి మధ్యా ఏమీ పలకకూడదు. తర్వాత గోడ సాకెట్టులో పెట్టి వోల్టులు చూడు. ఫేజు-న్యూట్రల్ మధ్య 230 దరిదాపుల్లో, ఫేజు-ఎర్తు మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్తు మధ్య నాలుగైదు వోల్టుల లోపు. ఫేజు-ఎర్తు బాగా తగ్గితే ఇంటి ఎర్తు బాగాలేదన్నమాట. అది గోడలోపలి పని, ఎలక్ట్రీషియన్ని పిలువు, నువ్వు ముట్టుకోకు.

పంపుకి రెండు కోర్లే కదా, మూడోది ఎందుకని అడుగుతావు. పంపు మీద గడిలో గడి గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్, దానికి ఎర్తు అక్కర్లేదు. కానీ అదే పెట్టెలో రేపు ఇనప బాడీ ఉన్న లైటు హుడ్డు తగిలిస్తావు, దానికి కావాలి.

ఎర్తుకంటే ముఖ్యమైనది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పసిగట్టి లైను ఆపేసే స్విచ్చు. తొట్టె గాజుది, గాజులోంచి కరెంటు పోదు. పంపు లోపల లీకున్నా నీళ్ళు మామూలుగానే ఉంటాయి, చేపలు తిరుగుతూనే ఉంటాయి, ఫ్యూజు ఎగరదు. నువ్వు చెయ్యి పెట్టినప్పుడు నీ ఒళ్ళే దానికి దారి అవుతుంది. అప్పుడు కాపాడేది ఆర్‌సీసీబీ ఒక్కటే. ఇంటి మెయిన్ బోర్డులో దాని మీద 30 ఎం.ఏ. (మిల్లీ ఆంపియర్లు) అని ఉందో, 100 అని ఉందో చూడు. 100 ఉన్నది మంటల నుంచి కాపాడటానికి, మనిషిని కాపాడేది 30. లేకపోతే ఈ లైనుకి 30 ఎం.ఏ.ది పెట్టించాకే తొట్టె నడుపు. నెలకోసారి దాని మీది టి (టెస్ట్) బటన్ నొక్కి స్విచ్చు పడిపోతోందో లేదో చూడు. అది ఉన్నా సరే, చెయ్యి నీళ్ళలో పెట్టేముందు ప్లగ్ టాప్ పీకెయ్యి.

మల్టీమీటరు ఒక కొస నీళ్ళలో, ఒక కొస ఎర్తులో పెడితే 30, 40 వోల్టులు చూపించి కంగారు పెడుతుంది. అది నిజమైన లీకు కాకుండా, పంపు కాయిల్ దగ్గర్నుంచి తగిలే దొంగ వోల్టేజీ కూడా కావచ్చు. అలాగని కొట్టిపారేయకు. ఒక్కో ప్లగ్గూ పీకుతూ చూడు. ఒకటి పీకగానే అంకె ఒక్కసారిగా పడిపోతే ఆ సామాను బయటికి తీసి వైరు వెంట గాట్లు, గాజులో బీటలు వెతుకు. అనుమానం తీరకపోతే పారెయ్యి.

పంపు వైరు పొట్టిగా ఉందని కోసి, ముక్క అతికించి, టేపు చుట్టి నీళ్ళలో వదలడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యొద్దు. టేపు జిగురు నీళ్ళకి ఊడుతుంది. అంతకంటే ఘోరం, పోగుల మధ్య సందుల్లోంచి వైరు నీళ్ళని వత్తిలాగా పైకి పీల్చుతుంది. తొట్టె బయట, ఎండు చోట, వదులుగా ఆడే చదును పిన్నుల ప్లగ్గుని కోసేసి మంచి ప్లగ్గు వేసుకోవడంలో తప్పులేదు. వదులు ప్లగ్గుని అలాగే వాడితే చిటపటలాడి సాకెట్టుని నల్లగా కాలుస్తుంది.

గాలి పంపుని నీటిమట్టం కంటే కింద పెడుతున్నావా? గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వు తప్పకుండా వెయ్యి. కరెంటు పోగానే నీళ్ళు గొట్టంలో వెనక్కి జారి పంపులోకి, అక్కణ్ణించి వైరు మీదికి వస్తాయి. బాణం గుర్తు తొట్టె వైపు ఉండాలి.

డీసీ పంపు కొంటే పొడిగింపు 230 వోల్టుల వైపే ఇవ్వు, అడాప్టరుని తొట్టె పక్కకి తెచ్చుకో. డీసీ వైపు సన్న వైరు పొడిగిస్తే వోల్టేజీ దారిలోనే పోతుంది. 0.2 స్క్వేర్ వైరు మూడు మీటర్లు వేస్తే రానూపోనూ అర ఓమ్. 12 వోల్టుల మీద 2 ఆంపియర్లు లాగే పంపుకి అక్కడే ఒక వోల్టు గల్లంతు. తప్పనిసరైతే 1 స్క్వేర్ వెయ్యి, ప్లస్ మైనస్ తారుమారు చేస్తే కంట్రోలరు పోతుంది.

ఇన్వర్టరు లైను మీద గాలి పంపు ఒక్కటి పెట్టు, హీటరు పెట్టకు. కట్టిన మొదటి రోజు అన్నీ వేసి ఒక గంట నడిపి, ప్లగ్ టాప్‌నీ బాక్సునీ అరచేత్తో తాకి చూడు. ఈ లోడుకి అవి చల్లగానే ఉండాలి. ఏ మూల గోరువెచ్చగా తగిలినా మెయిన్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ మూల స్క్రూ విప్పి మళ్ళీ బిగించు.

ఇట్లు,
మామయ్య