ట్రక్కు ఎంత బరువు మోస్తుందో తేలాకే లోన్ మాట

ప్రశ్న: అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా బావమరిదితో కలిసి ల్యాండ్‌స్కేపింగ్ (ఇళ్ల చుట్టూ తోటలు, పచ్చిక వేసే) పని మొదలుపెడుతున్నాం. మట్టి, కంకర తోలడానికి హెవీ డ్యూటీ పికప్ కావాలి. నాలుగు తలుపుల డీజిల్ 4x4 చూశాం, 76,000 డాలర్లు. రెండు తలుపుల పెట్రోల్ బండి 52,000కే వస్తోంది. డీజిల్ బండి 4,000 పౌండ్ల దాకా మోస్తుందని సేల్స్‌మన్ అంటున్నాడు. వారాంతాల్లో పిల్లలతో తిరగడానికీ పనికొస్తుందని మా ఇంట్లో దాని మీదే మనసు. డౌన్ పేమెంట్ రెండింటికీ ఒకటే, మిగతాది 72 నెలల లోన్, వడ్డీ 8 శాతం. ఏది తీసుకోమంటారు? రెండు బండ్ల తలుపు దగ్గరి స్టిక్కర్ల ఫొటోలు జత చేశాను.

జవాబు: ఆ ఫొటోలు పంపి సగం పని మీరే చేశారు. బ్రోషర్‌లో వేసే పెద్ద అంకె ఆ మోడల్‌లో అన్నిటికన్నా ఎక్కువ మోసే రకానిది. మీరు కొనబోయే బండి అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద, టైర్ల గాలి వివరాలతో పాటు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు మించకూడదని అందులో పౌండ్లలో రాసి ఉంటుంది. మీ ఫొటోల ప్రకారం డీజిల్ బండికి అది 2,310. పెట్రోల్ బండికి 3,650.

లెక్క పెద్ద కష్టం కాదు. బండి, దాని మీది బరువు అన్నీ కలిపి కంపెనీ అనుమతించే గరిష్ఠ బరువును జీవీడబ్ల్యూఆర్ అంటారు. అందులోంచి నిండు ట్యాంకుతో ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే పేలోడ్. మీ రెండు బండ్లకూ జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్లే. డీజిల్ ఇంజిన్ కొన్ని వందల పౌండ్లు ఎక్కువ తూగుతుంది. పెద్ద క్యాబిన్, 4x4 సరంజామా బరువు కూడా తోడవుతుంది. అదంతా పోయేది మీరు మోయాల్సిన మట్టిలోంచే.

ఇంకా ఆగండి, స్టిక్కర్ అంకె మొత్తం మట్టికి దక్కదు. డ్రైవర్ బరువు కూడా అందులోదే. మీరిద్దరూ కలిపి 380 పౌండ్లు అనుకుందాం. పనిముట్లతో నిండిన టూల్‌బాక్స్ 250, క్యాబిన్ వెనక బిగించే ఇనుప ర్యాక్ 100, తోపుడు బండి, బ్లోయర్ లాంటివి 120. మొత్తం 850. డీజిల్ బండిలో మిగిలేది 1,460, పెట్రోల్ బండిలో 2,800.

ఇప్పుడు మట్టి అమ్మే చోట లోడర్ బకెట్ కింద బండి పెట్టారనుకోండి. ఒక క్యూబిక్ యార్డు (పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులు) మట్టి సుమారు 2,000 పౌండ్లు తూగుతుంది, వాన పడ్డ మర్నాడు ఇంకా ఎక్కువ. కంకరైతే 2,700 పైమాటే. లోడర్ నడిపేవాడు కంటి అంచనాతో పోస్తాడు, మీ స్టిక్కర్ చూసి పోయడు. 76,000 పెట్టి కొన్న బండి ఒక్క యార్డు మట్టి కూడా నిబంధన ప్రకారం మోయలేదు. పెట్రోల్ బండి మట్టిని హాయిగా మోస్తుంది. ఒక క్యూబిక్ యార్డు కంకర మాత్రం అంచు మీద ఉంటుంది, ముప్పావు వంతు పోయించుకోండి.

నా దృష్టిలో చూడాల్సిన ధర ఇది: పనికొచ్చే ఒక్కో పౌండుకు డీజిల్ బండిలో 52 డాలర్లు పడుతోంది, పెట్రోల్ బండిలో 19 కూడా పడడం లేదు. ఆ 24,000 తేడాకు మీ లోన్ మీద నెలకు దాదాపు 420 డాలర్ల వాయిదా, ఆరేళ్లలో 6,300 దాకా వడ్డీ. వ్యాపారం ఇంకా ఒక్క డాలర్ తేకముందే ఆ 420 మీ జీతంలోంచి పోతుంది. నేనైతే పెట్రోల్ బండే తీసుకోమంటాను.

రేపు ట్రెయిలర్ కొంటే డీజిల్ అక్కరకొస్తుందని అంటారేమో. బరువైన ట్రెయిలర్‌ను రోజూ, దూరాలు లాగేవాళ్లకు అది నిజమే. కానీ ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హుక్ మీద, అంటే మీ ట్రక్కు మీదే పడుతుంది. 8,000 పౌండ్ల ట్రెయిలర్ అంటే 800 నుంచి 1,200. డీజిల్ బండిలో మిగిలిన 1,460లోంచి అదీ తీసేయండి. పైగా ట్రక్కు, ట్రెయిలర్ జీవీడబ్ల్యూఆర్‌లు కలిపి 10,001 పౌండ్లకు చేరితే, వ్యాపారం కోసం రాష్ట్రం దాటినప్పుడు ఫెడరల్ కమర్షియల్ వాహన నిబంధనలు వర్తిస్తాయి. రాష్ట్రం లోపల తిరిగేవాళ్లకు ఆ రాష్ట్రం నియమాలు వేరే ఉంటాయి.

వెనక స్ప్రింగుల దగ్గర బిగించే గాలి బ్యాగులు, అదనపు స్ప్రింగులు వేయిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వాటితో బండి వెనక భాగం కుంగకుండా నిలబడుతుంది, అంతే. జీవీడబ్ల్యూఆర్ ఒక్క పౌండు కూడా పెరగదు. ఇరుసు, టైర్లు, బ్రేకులు అవే కదా.

కొనే ముందు వీలైతే టెస్ట్ డ్రైవ్‌లోనే ట్యాంకు నింపి, మీరిద్దరూ కూర్చుని, హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ అనే తూకపు వేదిక మీద తూయించండి. ఖర్చు తక్కువే. ముందు ఇరుసు, వెనక ఇరుసు బరువులు విడివిడిగా ఉన్న చీటీ ఇస్తారు. మొత్తం బరువును జీవీడబ్ల్యూఆర్‌లోంచి తీసేస్తే సామానుకు మిగిలేదెంతో తేలుతుంది. వెనక ఇరుసు పరిమితి కూడా అదే తలుపు దగ్గర ఇంకో లేబుల్ మీద ఉంటుంది, దాన్నీ చీటీతో పోల్చండి. జీవీడబ్ల్యూఆర్ 10,000 దాటిన బండ్ల మీద సామాను బరువు స్టిక్కర్ తప్పనిసరి కాదు. అలాంటిది చూస్తుంటే ఈ తూకం తప్పదు.

పన్ను మినహాయింపు కోసం ఖరీదైన బండి కొనాల్సిన పని లేదు. వ్యాపార పరికరాల ఖర్చును కొన్న ఏడాదే ఆదాయంలోంచి తీసేసుకోనిచ్చే సెక్షన్ 179 కింద, జీవీడబ్ల్యూఆర్‌కు చూసే 6,000 పౌండ్ల గీతను రెండు బండ్లూ దాటాయి. అయితే బండి వాడకం సగానికి మించి వ్యాపారానికే ఉండాలి. పిల్లలతో వారాంతం షికార్లు పెరిగి తర్వాతి ఏళ్లలో అది సగానికి పడిపోతే, తీసుకున్న మినహాయింపులో కొంత తిరిగి ఆదాయంలో కలపాల్సి వస్తుంది. కుటుంబానికి ఇప్పుడున్న కారే ఉంచుకోండి. మైళ్ల లెక్క మొదటి రోజు నుంచే రాయండి.

మీ వీసా సంగతి రాయలేదు. హెచ్1బీ మీద ఉంటే స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప పని చేయడానికి అనుమతి ఉండదు కాబట్టి, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. అలాగే సంతకం చేయకముందే ఇన్సూరెన్స్ ఏజెంట్‌ను అడగండి. మామూలు పర్సనల్ పాలసీలు వ్యాపార వాడకానికి వర్తించకపోవచ్చు. కమర్షియల్ పాలసీ ప్రీమియం ఎంతో తెలిశాకే నెల వాయిదా భరించగలరో లేదో తేలుతుంది.