ఎత్తిన క్యాబిన్ జారి పడింది: వారంటీ వర్తించదా?

ప్రశ్న: మూడున్నర టన్నుల కొత్త మినీ ఎక్స్‌కవేటర్‌ను (మట్టి తవ్వే చిన్న యంత్రాన్ని) 14 నెలల క్రితం కొన్నాను. ఒక సహాయకుడిని పెట్టుకుని నేనే నడుపుకుంటున్నాను. హైడ్రాలిక్ పంపు దగ్గర ఆయిల్ కారుతుండడంతో డీలర్ తన మెకానిక్‌ను పంపారు. ఆయన క్యాబిన్‌ను ముందుకు వంచి ఎత్తారు. లాక్ పడలేదు. కొద్దిసేపటికే క్యాబిన్ జారి కిందికి వచ్చి రెండు హోస్ పైపులను, వైరింగ్‌ను నలిపేసింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగల్లేదు. వారంటీ రెండేళ్లు ఉంది. అయినా గ్యాస్ స్ప్రింగులు అరిగిపోయే భాగాలనీ, క్యాబిన్ ముందు నేను ఇనుప గార్డు బిగించుకున్నాననీ చెప్పి ఖర్చు భరించేది లేదంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? ఈలోగా యంత్రాన్ని బాగు చేయించుకోవచ్చా?

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందుగా సమాధానం చెప్పాలి, ఎందుకంటే అందులో తొందరపడితే మొదటి ప్రశ్నకు అర్థమే లేకుండా పోతుంది. యంత్రాన్ని బాగు చేయించుకోవచ్చు; కానీ అది ఇప్పుడున్న స్థితి నమోదు కాకముందు ఒక్క బోల్టు కూడా తీయించవద్దు.

క్యాబిన్‌ను ఎత్తి నిలిపే ఏర్పాటులో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. గ్యాస్ స్ప్రింగులు క్యాబిన్ బరువులో కొంత మోసి, ఎత్తే మనిషికి సాయపడతాయి. ఎత్తిన తరువాత పడిపోకుండా పట్టి ఉంచవలసింది మాత్రం లాక్. దాని కింద చేతులు పెట్టి పనిచేసే మనిషి ప్రాణం ఆ లాక్ మీదే ఆధారపడి ఉంటుంది కనుకనే, ఎత్తిన క్యాబిన్‌కు ఉండవలసిన ఆధారాల గురించి ఐఎస్ఓ 13333 పేరుతో 1994లోనే ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. డీలర్ మీకిచ్చిన సమాధానం అంతా స్ప్రింగుల చుట్టూ తిరిగింది. లాక్ ఎందుకు పడలేదన్నదానికి అందులో ఒక్క మాటా లేదు. మీ కేసుకు బలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

అయితే ఈ రెండింటికీ సంబంధమే లేదని వాదించకండి. స్ప్రింగులో గ్యాస్ తగ్గితే క్యాబిన్ పూర్తి ఎత్తుకు లేవకపోవచ్చు, అప్పుడు లాక్ కొక్కెం గాడిలోకి చేరదు. ఇందులో ఏది జరిగిందో యంత్రమే కొంత చెబుతుంది. గాడి అంచున రంగు చెక్కుచెదరకుండా ఉంటే కొక్కెం అక్కడిదాకా రాలేదనుకోవచ్చు; రంగు లేచిపోయి లోహం మెరుస్తూ, అంచు గుండ్రబడి ఉంటే పట్టుకుని జారిందనుకోవడానికి ఆస్కారం ఉంది. స్ప్రింగు కడ్డీ మీద నూనె తడి ఉంటే దాని సీలు దెబ్బతిన్నదని అనుమానించాలి. ముందువైపు కీలు పిన్ను వంగి ఉన్నా, తుప్పు పట్టి బిగుసుకున్నా క్యాబిన్ సగంలోనే ఆగిపోవచ్చు. వీటన్నిటినీ దగ్గరగా ఫొటోలు తీయించి, గంటల మీటరు, సీరియల్ నంబరు కనిపించేలా వీడియో తీయించండి. ఆ ఫైళ్లను సాక్ష్యంగా దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది కాబట్టి, తీసిన ఫోన్‌ను, అసలు ఫైళ్లను భద్రంగా ఉంచండి. పరీక్ష సమయంలో క్యాబిన్‌ను క్రేన్ బెల్టుతో పట్టి ఉంచాలి. కర్ర మొద్దును ఆధారంగా పెట్టి దాని కిందికి ఎవరినీ, మిమ్మల్ని కూడా, దూరనివ్వవద్దు. స్ప్రింగులో అధిక పీడనంతో నైట్రోజన్ ఉంటుంది. దాన్ని కోయడం, వేడిచేయడం ప్రమాదకరం, పైగా సాక్ష్యమూ పోతుంది.

ఇక గార్డు విషయం. క్యాబిన్ ముందువైపు కీలు మీద వంగుతుంది కనుక, గార్డు బరువు స్ప్రింగులపై ఎంత భారం మోపిందన్నది కీలు నుంచి అది ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు అద్దం ఎదుట, కీలుకు దాదాపు నేరుగా పైన ఉన్న గార్డు వేసే అదనపు భారం తక్కువ. పైకప్పు మీద వెనక్కి బిగించిన గార్డైతే భారం ఎక్కువ. గార్డు బరువు తూయించి, ఈ దూరం కొలిపించి నిపుణుడి నివేదిక తీసుకోండి. వారంటీ పత్రంలో మార్పులు, అరిగే భాగాల గురించి ఏం రాశారో అక్షరం వదలకుండా చదవండి. గ్యాస్ స్ప్రింగు పేరు ఆ జాబితాలో లేకపోతే, సందేహాస్పదమైన షరతును రాసినవారికే వ్యతిరేకంగా అర్థం చేసుకోవాలన్న సూత్రం మీకు ఉపయోగపడుతుంది. మరొకటి: గార్డు కళ్లెదుట కనిపిస్తున్నా మెకానిక్ క్యాబిన్ ఎత్తారు, లాక్ పడిందో లేదో చూసుకోకుండా పని మొదలుపెట్టారు. మెకానిక్ చేసిన పని వివరాలు రాసే జాబ్ కార్డులో గార్డు గురించి ఏ అభ్యంతరమూ రాయకపోతే, అది సేవాలోపానికి మంచి ఆధారం.

కమిషన్‌కు వెళ్లే అర్హత సంగతికి వస్తే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని మినహాయించినా, స్వయం ఉపాధి ద్వారా కేవలం జీవనోపాధి కోసం కొని తానే వాడుకునేవారిని వినియోగదారుడిగానే పరిగణిస్తుంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీం కోర్టు, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఈ హోదా పోదని స్పష్టంచేసింది. మీరే నడుపుతున్నారు కనుక ఇది మీకు వర్తిస్తుంది. యంత్రం కంపెనీ పేరున ఉన్నా, ఇలాంటివి నాలుగైదు కొని డ్రైవర్లను పెట్టి తిప్పుతున్నా కష్టమవుతుంది. అప్పుడు వస్తు విక్రయ చట్టం, 1930 కింద సివిల్ కోర్టుకు వెళ్లవలసి వస్తుంది. ఫిర్యాదులోనే ఇది మీ జీవనోపాధి అని స్పష్టంగా రాయండి.

ఒక పొరపాటు చేయవద్దు. ఇదే చట్టంలో, లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం గురించి చెప్పే ‘ఉత్పత్తి బాధ్యత’ అనే అధ్యాయం చూసి దాని కింద కేసు వేయాలనిపిస్తుంది. కానీ సెక్షన్ 2(22)లో ‘హాని’కి ఇచ్చిన నిర్వచనంలో, ఆ వస్తువుకే కలిగిన నష్టం చేరదు. మీ పైపులు, వైరింగ్ యంత్రంలోనివే. మెకానిక్‌కు గాయమై ఉంటే, పక్కనున్న వేరే ఆస్తి ధ్వంసమై ఉంటే అది వేరే సంగతి. మీరు అడగవలసింది వస్తులోపం, సేవాలోపం ఆధారంగా ఉచిత మరమ్మతు, విరిగిన భాగాల భర్తీ, యంత్రం ఆగినందుకు పరిహారం.

డీలర్‌కు, తయారీదారుకు ఇద్దరికీ లీగల్ నోటీసు పంపండి. లాక్ ఎందుకు పడలేదో రాతపూర్వకంగా చెప్పమని, మీ ముందే పరీక్షించమని అడగండి. స్పందించకపోతే మీరు నివసించే లేదా పనిచేసే ప్రాంతంలోని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. అయితే యంత్రానికి చెల్లించిన సొమ్ము జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుందో లేదో ముందుగా చూసుకోవాలి. పరీక్ష లేకుండా లోపం తేలని సందర్భంలో సెక్షన్ 38 ప్రకారం కమిషనే వస్తువును ప్రయోగశాలకు పంపించగలదు. గడువు సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు.

పరీక్ష పూర్తయి, నివేదిక చేతికి వచ్చాక మరమ్మతు చేయించండి. తీసిన స్ప్రింగులు, లాక్, నలిగిన పైపులు మీ దగ్గరే ఉంచుకోండి. డీలర్ తీసుకుంటానంటే సీరియల్ నంబర్లతో రశీదు రాయించుకోండి. క్యాబిన్‌ను తిరిగి బిగించే బోల్టులు యంత్రం బోల్తాపడినప్పుడు లోపలి మనిషిని కాపాడే చట్రంలో భాగం కనుక, మాన్యువల్ చెప్పిన గ్రేడు బోల్టులనే, అందులో చెప్పిన టార్క్‌తోనే (బిగింపు బలంతోనే) బిగించారని బిల్లు మీద రాయించుకున్న తరువాతే సంతకం చేయండి.